వాయిదాల దారి, ఒప్పందాల దారి

(మంసాపురం కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షిఫ్టు దిగి, ఇంటికైనా పోకుండా నేరుగా వచ్చిన మీ అందరికీ మా వందనాలు. మేము చెప్పదలచుకున్నది ఒక్క విషయమే. మిల్లులో తగాదా వస్తే ముందు ఏ తలుపు తట్టాలి?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని పెద్దలు ఊరికే అనలేదు. ఈ దేశపు కోర్టుల్లో 5 కోట్లకు పైగా కేసులు పేరుకుపోయాయి. పనిలోంచి తీసేసిన కార్మికుడు వాయిదా వాయిదాకూ మదురై బస్సెక్కాలి. వకీలు ఫీజు, పోయిన కూలి, ఇంట్లో అప్పు! ఏళ్ల తరబడి కేసు నడిచినా యాజమాన్యం పొయ్యి ఆరదు. ఆలస్యం వాళ్లకు ఆయుధం, మనకు ఆకలి.

ఇంకో దారి లేదా? ఉంది. అది మనలాంటి మిల్లు కార్మికులు నడిచిన దారే. 1918లో అహమ్మదాబాదు మిల్లుల్లో ప్లేగు బోనసు ఆపేశారు. కార్మికులు వేతనాల్లో 35 శాతం పెంపు అడిగారు. యజమానులు 20 దాటమన్నారు. కార్మికుల పక్షాన గాంధీజీ, అనసూయా సారాభాయి. యజమానుల పక్షాన ఆమె తమ్ముడు అంబాలాల్! సమ్మె తర్వాత ఇరుపక్షాలూ ఆనందశంకర్ ధ్రువను మధ్యవర్తిగా ఒప్పుకున్నాయి. ఆయన 35 శాతమే ఇమ్మని తీర్పిచ్చాడు. ఒకటి గుర్తుంచుకోండి: కార్మికులు కలిసి నిలిచారు కాబట్టే యజమానులు బల్ల దగ్గరికి వచ్చారు.

బ్రిటన్‌లోనూ ఇదే పని కోసం 1975 నుంచి ఏకాస్ అనే సంస్థ ఉంది. 2014 నుంచి అక్కడ చాలా తగాదాల్లో ట్రిబ్యునల్‌కు పోయేముందు ఆ సంస్థకు తెలపాలి. కార్మికుడికి పైసా ఖర్చు లేదు.

మన దేశంలో 1947 చట్టం స్థానంలో, 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ రెండు మార్గాలున్నాయి. మొదటిది రాజీ అధికారి. ఆయన తీర్పు చెప్పడు, ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. గడువు 45 రోజులు, సమ్మె నోటీసు ఉంటే 14 రోజులు. రాజీ కుదరకపోతే, ఆయన నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పోవచ్చు. అంటే కోర్టు తలుపు మూసుకుపోదు. రెండోది మధ్యవర్తి. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుని ఎన్నుకున్న మనిషి. ఆయన మాటే తీర్పు.

అయితే మూడు జాగ్రత్తలు. ఒకటి, ఒంటరిగా పోవద్దు, సంఘంతో పోండి. రెండు, యజమాని ఎదుట చేతులు కట్టుకునే పెద్దమనిషిని మధ్యవర్తిగా ఒప్పుకోవద్దు. మూడు, చదివించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. రాజీ అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం ఆ మిల్లు కార్మికులందరికీ వర్తిస్తుంది; బయట కుదిరింది సంతకం చేసిన పక్షాలకే. ఈ తేడా మరువవద్దు.

రాజీ అంటే లొంగిపోవడం కాదు. బలమున్నవాడి రాజీకే విలువ. మన బలం మన ఐక్యతే. అది ఉంటే బల్ల దగ్గరా గెలుస్తాం, అవసరమైతే కోర్టులోనూ గెలుస్తాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!