ఫ్లాష్ దీపంతో ఫోటో తీయడం – నా అనుభవం

(మలక్‌పేటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించో, ఆదాయపు పన్ను గురించో చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నన్ను ఫోటోల గురించి మాట్లాడమన్నారు. జీవితమంతా గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాణ్ణి. డెబ్బై దాటాక మనవడు తన పాత డిజిటల్ కెమెరా ఇచ్చి పైచదువులకు వెళ్ళిపోతే చేతబట్టాను. దానిపైన తగిలించే ఫ్లాష్ కోఠీలో కొన్నాను. కనుక ఇది పండితుడి మాట కాదు, తప్పు చేసి నేర్చుకున్నవాడి మాట.

ఆ తప్పేమిటో ముందే మనవి చేస్తాను. రెండేళ్ళ క్రితం డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకున్నాం. 1982లో అదే తేదీన నకారా కేసులో పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు ఈ హాల్లోనే అందరినీ రెండు వరుసలుగా నిలబెట్టి, ఫ్లాష్‌ను సూటిగా ముఖాల మీదికే పెట్టి తీశాను. ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు మనలో ఒక మిత్రుడు కాలం చేశారు. వాళ్ళబ్బాయి వచ్చి "బాబాయిగారూ, నాన్నగారి ఫోటో ఈమధ్య తీసింది ఏదైనా ఉందా?" అని అడిగాడు. వెతికి చూస్తే ముఖం సున్నం కొట్టినట్టుంది. కళ్ళజోడులో రెండు తెల్లటి బిళ్ళలు. వెనక గోడ మీద నల్లని నీడ. వేరే గతిలేక దాన్నే పెద్దది చేయించుకున్నారు. పెద్దకర్మనాడు దండ వేసిన ఆ పటం చూసి ఆ ఇల్లాలు, "అన్నయ్యగారూ, ఆయన కళ్ళు కనబడటం లేదే" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాతే ఫ్లాష్‌తో వచ్చిన పుస్తకం శ్రద్ధగా చదివాను. సర్వీసు రూల్సు చదివినవాళ్ళకి అదేం కష్టం కాదు లెండి.

మొదట తెలుసుకోవలసింది దూరం సంగతి. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ముందు వరుస రెండు మీటర్లలో, వెనక వరుస నాలుగు మీటర్లలో ఉంటే వెనకవారికి దక్కేది పావు వంతే. వాయిదాల మీద వచ్చే బకాయిల్లాగా చివరివాడికి చేరేసరికి పలచబడిపోతుంది. అందుకే ముందున్నవారు తెల్లబోయారు, వెనకవారు చీకట్లో కలిశారు.

దీనికి విరుగుడు ఫ్లాష్ తలను పైకప్పువైపు తిప్పడం. తెల్లటి కప్పుకు తగిలిన వెలుగు మెత్తగా, అందరి మీదా దాదాపు సమానంగా దిగుతుంది. కళ్ళజోడు మెరుపూ చాలావరకు పోతుంది. గడ్డం ఒక్క వేలెడు కిందికి దించమంటే పూర్తిగా పోతుంది. కానీ కప్పు తెల్లగా ఉండాలి, మరీ ఎత్తు ఉండకూడదు. ఎర్ర షామియానా కింద ఈ పని చేస్తే పెళ్ళివారంతా ఎర్రబడతారు. మా ఇంటి పిస్తా రంగు గోడకు కొట్టి మా ఆవిడ ముఖం పచ్చగా చేసిన ఘనత కూడా నాదే.

ఇక అంకెలు. కెమెరాను ఎం మీద పెట్టండి. షట్టర్ 1/100, లెన్సు తెరుపు ఎఫ్ 5.6, ఐ.ఎస్.ఓ. 400 లేదా 800. షట్టర్‌ను 1/200 దాటనీయకండి. చాలా కెమెరాల్లో ఆపైన ఫోటోకి ఒక పక్క నల్లని పట్టీ పడుతుంది. ఫ్లాష్ మెరుపు రెప్పపాటు కన్నా ఎంతో ముందే అయిపోతుంది కనుక షట్టర్ దాన్ని పెంచదు, తగ్గించదు. అది గదిలోని ట్యూబులైట్ల వెలుతురునే శాసిస్తుంది. వెనక భాగం చీకటిగా వస్తే షట్టర్ 1/60కి దించండి.

ఫ్లాష్‌ను మొదట టి.టి.ఎల్. మీద ఉంచండి. అది లెన్సు గుండా వచ్చే వెలుగు కొలుచుకుని తన బలం తానే నిర్ణయించుకుంటుంది. మన సభల్లో తెల్ల చొక్కాలు, తెల్ల పంచెలు ఎక్కువ కదా, అన్నీ తెల్లగా కనబడి వెలుగు ఎక్కువైందని భ్రమపడి తగ్గించేస్తుంది. అప్పుడు ప్లస్ 1 వేయాలి. నల్లకోట్లవారైతే మైనస్.

లెక్కలంటే ఇష్టమున్నవారు మాన్యువల్ పద్ధతి నేర్చుకోవచ్చు. ఫ్లాష్‌కు గైడ్ నంబరని ఒకటుంటుంది. అది మీటర్లలో 40 అనుకోండి. ఐ.ఎస్.ఓ. 100 దగ్గర, పూర్తి బలంతో, 5 మీటర్ల దూరానికి 40ని 5తో భాగిస్తే ఎఫ్ 8. బలం నాలుగో వంతుకు దించితే నంబరు సగమై 20 అవుతుంది. ఐ.ఎస్.ఓ. 400 చేస్తే మళ్ళీ 40. నాకు ఇదే హాయి, మనిషి కదలకపోతే ప్రతి ఫోటో ఒకేలా వస్తుంది. అయితే ఇది సూటిగా కొట్టినప్పటి లెక్క. కప్పుకు కొడితే వెలుగు తిరిగే దారంతా దూరమే, పైగా కప్పు కొంత తినేస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. ట్రంకుపెట్టెలో రీలు కెమెరా నాటి ఫ్లాష్ ఉంటే కొత్త కెమెరాకు తగిలించకండి. కొన్ని పాతవాటి కాంటాక్టులో 200 వోల్టులకు పైగా ఉంటుంది, కెమెరా కాలిపోవచ్చు.

కిందటి డిసెంబరులో వచ్చిన ప్రతివారినీ విడివిడిగా, దంపతులు వస్తే జంటగా కూడా తీశాను. ఆ మిత్రుడి భార్య కూడా వచ్చి కూర్చున్నారు. తీసి కెమెరా వెనక చూపించాను. చాలాసేపు చూసి, "నా కళ్ళు బాగానే పడ్డాయి అన్నయ్యగారూ" అన్నారు.

ఈ మీటింగు కాగానే ఆ కిటికీ పక్కన కుర్చీ వేస్తాను. మొన్న రానివారు ఎవరైనా ఉంటే రండి. కళ్ళజోడు తీయనక్కరలేదు.