ఒక పేటను నిలబెట్టిన పాఠశాల



చితికిపోయిన పేటను బాగుచేయుటకు ముందుగా వీధులు వేయవలెనా, ఇండ్లు కట్టవలెనా, బడి పెట్టవలెనా యను ప్రశ్న అన్ని దేశములయందును పుట్టుచున్నది. ఇటలీ దేశమున టూరిన్ నగరపు శివారునగల వాల్డోక్కో యను పేట చరిత్ర దీనికొక సమాధానము చెప్పుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున టూరిన్ సార్డీనియా రాజ్యమునకు రాజధానిగా నుండెను. నగరము పెరుగుచుండుటచే పల్లెలనుండి బాలురు కూలికై గుంపులుగా వచ్చుచుండిరి. రాళ్లు మోయువారు, పొగగొట్టములు తుడుచువారు, తాపీపనివారికి చేతిసాయము చేయువారు. వీరిలో ననేకులకు అక్షరజ్ఞానము లేదు, రాత్రి తలదాచుకొన చోటు లేదు. పని దొరకని దినమున దొంగతనము, దాని వెనుక చెరసాల. డోరా నదికి చేరువనున్న వాల్డోక్కో అట్టివారు తిరుగాడు బీదపేట.

జాన్ బాస్కో 1815లో రైతుకుటుంబమున జన్మించి, రెండేండ్లు నిండకమునుపే తండ్రిని గోల్పోయి, 1841లో కతోలిక మతగురువయ్యెను. ఆ దేశమున గురువులను ‘డాన్’ అని గౌరవింతురు గావున డాన్ బాస్కో యను పేరు లోకప్రసిద్ధమయ్యెను. ఆయన చెరసాలలకు పోయి చూడగా, విడుదలయైన బాలురు కొన్నాళ్లకే మరల అచ్చటికి వచ్చుచుండిరి. బయట వారికి అండ యనునది లేకపోవుటయే దీనికి మూలమని ఆయన గ్రహించెను.

ఆదివారములందు బాలురను చేర్చి మతబోధయు, చదువును, ఆటలును నడపసాగెను. పిల్లల యల్లరి సహింపలేక ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయగా ఒక చోటినుండి మరియొక చోటికి తరలవలసి వచ్చెను. తుదకు 1846 ఈస్టరు పండుగనాడు వాల్డోక్కోలో నొక పాక దొరకెను. కప్పు మిక్కిలి క్రిందుగా నుండుటచే నేలను త్రవ్వి లోతుచేసిరి. ఆ పాక చేరియున్న ఇంటి గదులకు మంచిపేరు లేదు. అవి ఖాళీయైనకొలది డాన్ బాస్కో ఒక్కొక్కటిగా అద్దెకు తీసికొనెను. అట్లు పేటలోని చెడుగు గది వెంబడి గదిగా తగ్గెను.

పగలెల్ల కూలిచేయువారికి రాత్రిబడియే శరణ్యము. అచ్చట చదువు, వ్రాత, లెక్కలు నేర్పిరి. 1850 మొదలు ఆ రాజ్యమున దశాంశపద్ధతి తూనికలు, కొలతలు అమలు కానుండెను. క్రొత్త లెక్క తెలియక బీదలు మోసపోవుదురని డాన్ బాస్కో ముందుగనే సులభమైన పుస్తకము వ్రాసెను. అదే విషయమును సంభాషణలుగా కూర్చి బాలురచే ప్రదర్శింపజేసెను. మన దేశమున 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినప్పుడు అణాలకును పైసలకును పొంతన కుదరక అంగళ్లలో జరిగిన తగవులను వినియున్నవారికి ఈ శ్రమ విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

1846 నవంబరులో ఆయన తల్లి మార్గరీటా పల్లెను విడిచి కుమారునకు తోడుగా వచ్చెను. మొదట ఆశ్రయమిచ్చిన కొందరు తెల్లవారునప్పటికి దుప్పట్లతో సహా మాయమైరి. అయినను తల్లియు కుమారుడును తలుపు మూయలేదు. 1847లో ఒక అనాథ బాలునితో వసతిగృహము మొదలయ్యెను.

వీటన్నిటికంటె గమనింపదగినది యొక పత్రము. గాజుపని నేర్చుకొను బాలుని నిమిత్తము 1851 నవంబరులో యజమానునితో వ్రాయించిన ఒడంబడిక నేటికిని నిలిచియున్నది. మూడేండ్లలో పని నేర్పవలెను. తప్పు చేసినచో మాటతో మందలింపవలెనే కాని వేరు శిక్ష కూడదు. పనికి సంబంధింపని చాకిరి చేయింపరాదు. శక్తికి మించిన బరువు పెట్టరాదు. పండుగదినములు పూర్తిగ విడువవలెను. ఏటేట కూలి హెచ్చింపవలెను. అడుగువారులేని కూలిపిల్లవానికి తన హక్కు కాగితముమీద కనబడుట ఎంతటి ధైర్యము! నోటిమాట గాలికి పోవును. వ్రాసిన షరతు యజమానుని చేతిని పట్టి ఆపును.

అప్పటికిని బయటి కర్మాగారములలోని దుర్గుణములు బాలురకు అంటుచుండుటచే సంస్థలోనే పనిశాలలు పెట్టిరి. 1853లో చెప్పులు కుట్టుట, బట్టలు కుట్టుట, 1854లో పుస్తకముల బైండింగు, 1856లో వడ్రంగము, 1862 నాటికి ముద్రణాలయము ఏర్పడెను.

1854లో టూరిన్‌లో కలరా చెలరేగెను. పేటలోని బీదయిండ్లే ఎక్కువ దెబ్బతినెను. ఆ సమయమున సంస్థలోని పెద్ద బాలురు తామై ముందుకు వచ్చి, రోగులను మోసికొనిపోయిరి. ఇంటింటికి తిరిగి సేవచేసిరి. వారిలో నెవ్వరును ఆ వ్యాధికి బలికాలేదని సంస్థ చరిత్ర చెప్పుచున్నది. ఎనిమిదేండ్ల క్రిందట ఏ పిల్లల గోలను ఇరుగుపొరుగు సహింపలేదో, అట్టి పిల్లలే రోగుల పడకల ప్రక్కన నిలిచిరి. పేట బాగుపడినదనుటకు ఇంతకంటె గుర్తు వేరొకటి యేల?

మతము ఆ సంస్థకు పునాది. డాన్ బాస్కో ఆ సంగతి దాచలేదు. అయితే ఆయన భక్తి ప్రార్థనతో ముగియక, రాత్రి దీపముగాను, దుప్పటిగాను, ఒడంబడికగాను వెలువడెను. 1888 జనవరి 31న ఆయన మరణించెను. 1934లో కతోలిక సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించెను. విద్యార్థి బడి గడప దాటి పనిలోనికి పోయినప్పుడు వాని వెంట పోయి, యజమానుని ఎదుట వాని పక్షమున సంతకము చేసిన పాఠశాలయే వాల్డోక్కోను నిలబెట్టెను. పేటను బాగుచేయదలచు ఏ విద్యాలయమునకైనను ఈ బాధ్యత తప్పదు.