వాపు ముసుగున వచ్చు కాన్సరు



సంఘచరిత్రమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. అందుకు నాకంటె సమర్థులు కలరు. సభలలో ఎవ్వరును పలుక నిచ్చగింపని విషయమొకటి మనవి చేసెదను. పెద్దలు సైరింతురుగాక.

మా తమ్ముని భార్యకు ఒక రొమ్ము ఎఱ్ఱబాఱి, వెచ్చనై, వాచెను. చేతికి గడ్డ తగులలేదు. చీముపట్టినదని తలఁచి వైద్యులొకరు మందులు మార్చి మార్చి యిచ్చిరి. మూఁడు నెలలు గడచెను. ఆమె సిగ్గుచే చెప్పలేదు, మేము అడుగలేదు. నేఁడామె లేదు.

ఇట్టి వ్యాధిని 1924లో లీ, టానెన్‌బామ్ అను అమెరికా వైద్యులు ‘ఇన్‌ఫ్లమేటరీ కార్సినోమా’ యని పేర్కొనిరి. పేరున శోథమున్నను ఇది చీముపట్టు వాపు కాదు. కాన్సరు కణములు చర్మమందలి సన్నని రసనాళములను మూసివేయఁగా ద్రవము నిలిచి, చర్మము ఉబ్బి, నారింజతొక్కవలె గుంటలు పడును. మామోగ్రాములో సైతము ఒక్కొక్కప్పుడు గడ్డ కానరాదు. అమెరికాలో రొమ్ముకాన్సరులందు నూటికి 1 మొదలు 5 వఱకే యిట్టివి. కాని వారములలోనే ముదురును. గుర్తించునాఁటికే మూఁడవ దశకుఁ దక్కువగా నుండదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 17వ అధ్యాయము వాపు పచ్చిదా, పండినదా యని పరీక్షించుటకే యేర్పడినది. పచ్చిదానిని కోయువానిని, పండినదానిని ఉపేక్షించువానిని ఆచార్యుఁడు సమముగా నిందించెను. ఆ గ్రంథమును చదివితినని గర్వించు నాకు, ఇంటిలోని వాపును గూర్చి అడుగ నోరు రాలేదు!

పాలిచ్చు తల్లులకు రొమ్ము వాచుట కద్దు. యాంటీబయాటిక్ మందుతో వారము పది దినములలో అది తగ్గుముఖము పట్టవలెను. పట్టకున్నచో మఱియొక మందడుగక, చర్మపుఁ దునుక తీసి బయాప్సీ చేయుఁడని కోరవలెను. పాలియ్యని స్త్రీకి ఇట్టి వాపు వచ్చినచో మఱింత త్వరపడవలెను. రోగము తేలినచో మొదట కీమోథెరపీ, పిదప శస్త్రచికిత్స, ఆ మీఁద రేడియేషను చేయుదురు. క్రమము తప్పి ముందుగాఁ గోయింపరాదు. హైదరాబాదున మెహదీ నవాజ్‌జంగ్ పేర ప్రభుత్వపుఁ గాన్సరు ఆస్పత్రి యున్నది.

పోషకులకు నా ప్రార్థన యొక్కటే. విద్యార్థివేతనముల నిధిని ముట్టక, బీదస్త్రీల బయాప్సీకిని ప్రయాణవ్యయమునకును వేఱొక నిధి నేర్పఱుపుఁడు. తీర్మానమును మహిళాశాఖవారు ప్రతిపాదించినచో నేను బలపఱచెదను.