గుల్జారు హౌజు గీటురాయి

(చార్మినారు చేరువనున్న యొక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



మీలో పలువురు గుల్జారు హౌజు దాటియే యిచ్చటికి వచ్చియుందురు. అచ్చటి బంగారపు దుకాణములలో ఒక సంగతి మేము పలుమారు గమనించితిమి. పాత గాజును మార్చుకొన వచ్చిన యిల్లాలు త్రాసుపై నుండి చూపు మరల్చదు. గీటురాయిపై వర్తకుడు గీచిన గీటును ఆమెయు చూచును, వెంటవచ్చిన తోడికోడలును చూచును, ప్రక్కన కూర్చున్న యపరిచితులును తొంగిచూతురు. 2023 ఏప్రిలు 1 నుండి అమ్మకమునకు వచ్చు హాల్‌మార్కు నగపై అంకెలును అక్షరములును కలిసిన ఆరు గుర్తుల సంఖ్య యుండవలెనని ప్రభుత్వము విధించినది. దానిని చేతిలోని సెల్‌ఫోనుతోనే సరిచూచుకొనవచ్చును. ఇంత జరిగినను ఆ తల్లి “ఇంకొక దుకాణమున నడిగి వచ్చెదను” అని లేచిపోవును! పాతబస్తీకి ఈ జాగ్రత్త క్రొత్త కాదు. హాలీ సిక్కా చెల్లిన దినములలో సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు వచ్చెడివి. ఆ మారకములో మోసపోకుండ లెక్క నేర్చిన తాతల మనుమలు వీరు.

ఈ మనుమలే రాత్రివేళ, ఇంటనందరును నిద్రించిన పిదప, “ఈ షేరు నెలలో రెట్టింపగును” అను సందేశమును సెల్‌ఫోను తెరపై చదివి, ఎవ్వరి నడుగకయే సొమ్ము పంపుచున్నారు.

మేమెరిగిన ఉపాధ్యాయు లొకరు కలరు. ఉద్యోగము విరమించినవారు, కూతురి పెండ్లికై కొంత దాచిరి. మొదట 5 వేలు పంపగా తెరపై 7 వేలయినవి. అందు కొంత చేతికిని వచ్చినది. అదియే యెర. తరువాత పంపిన 4 లక్షలు తెరపై 11 లక్షలుగా పెరిగినవి. తీసికొనబోగా “ముందు పన్ను చెల్లింపుడు” అని బదులు వచ్చినది. ఈ సంగతి భార్యతో చెప్పుటకు ఆయనకు 18 దినములు పట్టినది. పోయిన సొమ్ముకంటె ఆ 18 దినములే మమ్ము బాధించుచున్నవి. వెంటనే 1930 సంఖ్యకు తెలిపినచో, సొమ్మును దారిలోని బ్యాంకులయందు నిలిపివేయుటకు కొంత యవకాశ ముండెడిది. సిగ్గు దానిని మ్రింగివేసినది.

చార్మినారు నాలుగు ముఖములయందును 1889లో గడియారములు నెలకొల్పిరి. అట్టి గడియారము తప్పినచో బజారంతయు చూచి నవ్వును. పత్రికయు నట్టిదే. ఇచ్చట ఒకరు చదువగా నలుగురు వినుచుందురు, అయిదవవాడు “అది యబద్ధమయ్యా!” అనును. చేతిలోని తెరకు ఆ యయిదవవాడు లేడు. పైగా మీకు చూపినది మీ ప్రక్కవానికి చూపదు; నిన్న మీరు దేనికడ నిలిచితిరో దానినే నేడు మరింతగా ముందుంచును.

అట్లని మా పత్రికలవారము నిర్దోషులమని చెప్పుకొనజాలము. సత్యం కంప్యూటర్సు సంస్థకు 2008లో సుపరిపాలనకై “గోల్డెన్ పీకాక్” పురస్కారము లభించెను, పత్రికలు మెచ్చుకొనెను. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజుగారు, లెక్కలలో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనేలేవని తమ లేఖలోనే యొప్పుకొనిరి. 179 రూపాయల దరినున్న షేరు ఆ యొక్క దినముననే 40 రూపాయల దరికి పడెను. ఎల్లరును చూచుచునే యుండిరి. గీటురాయిపై గీచినవారు లేకపోయిరి. మేమును గీచలేదు.

ఇక ఫ్యూచర్సు, ఆప్షన్సు అను బేరము. 2024 సెప్టెంబరున సెబీ ప్రకటించిన పరిశీలన ప్రకారము, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ బేరమున దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలను మించినది. మిగిలిన 7 గురి కార్లును మేడలునే తెరపై కనబడుచుండును. ఓడినవాడు తన బొమ్మ వేయించుకొనడు గదా!

ఆ తెరను సైతము మనము వాయిదాలపై కొనితిమి. పాత గాజునకు దాని బరువునుబట్టి వెల కలదు. పాత సెల్‌ఫోనును జుమ్మేరాత్ బజారున నేలపై పరచి అమ్ముదురు. దానిని కొనవలదని మేమనము. నగపై సంఖ్యను సరిచూచు పరికరమే, సలహా యిచ్చువాని పేరు సెబీ పట్టికలో నున్నదో లేదో కూడ చూపగలదు. మనము దానిని ఆ ప్రశ్న అడుగుట లేదు.

కావున ఈ మందిరపు కార్యదర్శిగారితో మాటలాడి ఒక యేర్పాటు చేసితిమి. ప్రతి గురువారము సాయంకాలము ఒక గంటసేపు, ఎవరికి వచ్చిన సందేశమును వారు తెచ్చి, సొమ్ము పంపకమునుపే పదుగురియెదుట బిగ్గరగా చదువవచ్చును. పేర్లను పట్టికలో వెదకిపెట్టుటకు ఇద్దరు యువకులు ముందుకు వచ్చినారు. మొదటి గురువారము తన కథను తామే చెప్పుదునని ఆ యుపాధ్యాయులు సమ్మతించియున్నారు. వారి భార్యగారును వచ్చుచున్నారు.