ఆపరేషన్‌కి ముందు నాలుగు వారాలు

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కు అనగానే మనం మందుల ధరలు, డాక్టర్ల కొరత, అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు నేను మా అమ్మ గురించి చెప్తాను.

అమ్మకి అరవై ఎనిమిదేళ్ళప్పుడు పెద్దపేగు కాన్సర్ బయటపడింది. నాలుగు వారాల తర్వాత ఆపరేషన్ అన్నారు. ఆ నాలుగు వారాలూ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. జన్మంతా చాకిరీ చేసిన మనిషి, ఇప్పుడైనా విశ్రాంతి తీసుకోనీ అని ఆమెను మంచం దిగనివ్వలేదు. జావ పోశాం. ప్రేమతోనే చేశాం. ఆపరేషన్ బాగానే జరిగింది. అమ్మే లేవలేకపోయింది. ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. తనంతట తాను బాత్‌రూముకి వెళ్ళటానికి మూడు నెలలు పట్టింది. అంతా మంచం వల్లే అనను. కానీ చెయ్యగలిగింది చెయ్యలేదు.

ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు కూడా పదిరోజులు మంచం మీదే ఉంటే కాళ్ళ కండ దాదాపు కిలో తరిగిపోతుందని 2007లో అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు 77 మంది పేగు కాన్సర్ రోగులకి నడక, కండరాల వ్యాయామం, మాంసకృత్తులు, ఆందోళన తగ్గించే పద్ధతులు ఏర్పాటు చేశారు. ఒక జట్టుకి ఆపరేషన్‌కి ముందే, ఇంకో జట్టుకి తర్వాత మొదలుపెట్టారు. ఆపరేషనైన ఎనిమిది వారాలకి మొదటి జట్టులో నూటికి 84 మంది, రెండో జట్టులో 62 మంది మునుపటిలా నడవగలిగారు. 2023లో వెలువడిన 251 మంది అధ్యయనంలో, ముందు సిద్ధమైనవారిలో నూటికి 17 మందికి, మిగిలినవారిలో 30 మందికి తీవ్రమైన చిక్కులొచ్చాయి. అయితే బాగా నీరసించిన వృద్ధులపై 2020లో వచ్చిన అధ్యయనంలో చిక్కులు తగ్గలేదు. ఇది మంత్రం కాదు.

"ఇంటిపని చేస్తూనే ఉందిగా, వ్యాయామమెందుకు?" అంటారు. చాకిరీ ఒంటిని అరగదీస్తుంది. వ్యాయామం కొలత ప్రకారం పెంచుకుంటూ పోయేది: కాస్త ఆయాసం వచ్చేలా నడవటం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవటం, గట్టిగా ఊపిరి తీసి వదలటం. దానికి తగ్గ తిండి ఉండాలి. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి గుడ్డు, పప్పు, పాలు ముందు పెట్టాలి. చుట్ట మానాలి. రక్తం తక్కువైతే వైద్యం చేయించాలి. గుండెజబ్బున్నవాళ్ళు డాక్టర్నడిగే మొదలుపెట్టాలి. పేగు మూసుకుపోతే ఆపరేషన్ ఆపకూడదు.

అమ్మ కాగితాల మీద సంతకం అన్నయ్య పెట్టాడు. అమ్మనెవరూ అడగలేదు. తెలివిలో ఉన్న వయోజనురాలి తరఫున కన్నతల్లి ఇచ్చిన అంగీకారం కూడా చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఆస్పత్రికి తోడువెళ్ళినప్పుడు ఆ మనిషి చేతనే అడిగించండి: ఎన్నాళ్ళు వ్యవధి ఉంది? ఈలోగా నేనేం చెయ్యాలి? ఏం తినాలి?

"ముందే చెప్తే నడిచేదానివా అమ్మా?" అని మొన్న అడిగాను.

"నాకెవరు చెప్పారే?" అంది.