టిఫిన్ సెంటర్ మన సంఘంలోకి ఎందుకొస్తుంది?

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతు కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహార సహకార సంఘం పెట్టుకుందామని ఊరూరా మాట్లాడుతున్నాం. మాట ఎత్తిన ప్రతిచోటా రెండు ప్రశ్నలు వస్తున్నాయి. రైతులు అడిగేది: "దుకాణపోళ్లను, హోటలోళ్లను మనలోకి ఎందుకు తేవాలె? వాళ్లొస్తే సంఘం మళ్లా సేట్ల చేతికే పోదా?" హోటల్ వాళ్లు అడిగేది: "మాకేం లాభం?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండోదానితో మొదలుపెడదాం. వాళ్లకు లాభం లేకుంటే మొదటిదానితో పనే లేదు.

మన మూడు పట్టణాల్లో పొద్దున ఏ టిఫిన్ సెంటర్ ముందు నిలబడ్డా ఇడ్లీ పక్కన పల్లీ చట్నీ ఉంటుంది. ఆ పల్లి ఎక్కడిది? యాసంగిలో మన చేలల్లో పండుతుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, అచ్చంపేట యార్డులకు చేరుతుంది. ఖరీదుదారు చేతిలో పడి, మిల్లుకు పోయి, పప్పై, హోల్‌సేల్ నుంచి చిల్లర దుకాణానికి దిగి, చివరికి అదే యార్డుకు కూతవేటు దూరంలో ఉన్న హోటల్‌కు వస్తుంది. ప్రతి మజిలీలో ఒకరి కమీషన్, ఒక హమాలీ, ఒక లారీ కిరాయి. యార్డులో రాశులు పెరిగి మనకు ధర పడిపోయిన వారంలో కూడా హోటలాయన కొనే కిలో పల్లీల ధర పెద్దగా దిగదు. మనం పోగొట్టుకున్నది ఆయనకూ మిగలడం లేదు.

ఆయనకు కావలసింది చౌక ఒక్కటే అనుకుంటే పొరపాటు. రోజూ ఒకే సరుకు కావాలి. చట్నీ ఒక్కరోజు చేదైతే గిరాకీ పక్క బండికి పోతుంది. తడి ఆరని కాయను కుప్పేస్తే బూజు పడుతుందని మనకు తెలుసు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, కాయ ఊపితే గలగలమన్నాకే సంచికెత్తాలి. పది ఊళ్ల కాయ కలిసిపోయిన సరుకులో ఎవరు ఎండబెట్టారో, ఎవరు లేదో అడగడానికి మనిషి ఉండడు. సంఘం సంచి మీద ఊరి పేరు ఉంటుంది. బాగా లేకపోతే ఎవరి గల్లా పట్టాలో ఆయనకు తెలుస్తుంది. ఆ హక్కు ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉన్నామా అన్నదే అసలు సంగతి.

ధర మాటకొద్దాం. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు రూ.7,263. నూరు కిలోల కాయ కొట్టిస్తే సుమారు 70 కిలోల పప్పు. అంటే మద్దతు ధర మనకు దక్కాలంటే కిలో పప్పు మీద రూ.104 కాయకే పడుతుంది. ఆ పైన కొట్టించడం, ఏరడం, సంచి, గోదాము, ఆటో. ఇవన్నీ రాసిన కాగితం హోటలాయన ముందు పెడదాం. తను బయట కొనే ధరతో పోల్చుకొని ఆయనే చెప్తాడు. లెక్క చూపకుండా "రైతును ఆదుకోండి" అని అడిగితే నెల రోజులు ఆదుకుంటారు, అంతే.

నూనె జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. ఆ 70 కిలోల పప్పు గానుగాడిస్తే 28 కిలోలకు అటూ ఇటూ నూనె వస్తుంది. చెక్క అమ్ముకున్నా పామాయిల్ ధరకు దిగలేం. బజ్జీల మూకుడులో పామాయిల్ పోసే ఆయన గానుగ నూనె కొనడు. కొంటానన్నా నమ్మొద్దు. పల్లీలు, కందిపప్పు, జొన్నపిండి, జూరాల ఆయకట్టు సన్నబియ్యం, వీటితో మొదలుపెడితే చాలు.

బయట కొంటే ధర కట్టి బయటపడతాడు. సంఘంలో సభ్యుడై కొంటే ఏడాది చివర మిగులులో తాను కొన్నదాన్ని బట్టి వాటా వస్తుంది. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి పిండి, వెన్న, చక్కెర అమ్మే కొట్టు పెట్టినప్పటి పద్ధతి ఇదే. మన దగ్గర ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి చొరవతో మొదలైన సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి మహిళలు 2000లో పాలడెయిరీ పెట్టుకున్నారు. జర్మనీలో చిన్న కిరాణా వ్యాపారులే కలిసి 19వ శతాబ్దం చివర పెట్టుకున్న కొనుగోలు సంఘం ఇవాళ ఆ దేశంలో అతి పెద్ద కిరాణా సంస్థ, ఎడెకా. దుకాణపాయన సహకారానికి పుట్టుశత్రువేమీ కాదు.

ఇక మొదటి ప్రశ్న, సేట్ల చేతికి పోదా అని. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెడితే పండించేవాళ్లే సభ్యులు, హోటలాయనకు చోటే లేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెడితే ఎవరిని చేర్చుకోవాలో మన ఉపనియమాల్లో మనమే రాసుకుంటాం. ప్రభుత్వ వాటాధనం ఉండదు. ఎంత వాటా కట్టినా మనిషికి ఒకటే ఓటు. అయినా భయం తీరలేదంటే పాలకవర్గంలో వ్యాపారులకు ఇన్ని సీట్లకు మించవని మొదటి రోజే రాద్దాం. మా అభిప్రాయం అడిగితే, యార్డులో మన పంట కొనే ఖరీదుదారును చేర్చుకోవద్దు. ఆయనకు మన ధర తగ్గితేనే లాభం. వండి అమ్మేవాళ్ల సంగతి అది కాదు.

ఒక పాత తప్పు కూడా ఒప్పుకోవాలి. మాలో కొందరం ఒకసారి హోటళ్లకు నేరుగా కూరగాయలు వేశాం. రెండు వారాలు బాగానే సాగింది. మూడో వారం బయట టమాటా ధర ఎగబాకింది. చెప్పాపెట్టకుండా బండి అటు తిప్పాం. హోటళ్లలో ఆ రోజు కూర ఏమైందో అడిగినవాళ్లం లేము. తర్వాత వాళ్లు బిల్లులు నెలల తరబడి ఉద్దెర పెట్టినప్పుడు మాత్రం గట్టిగానే అరిచాం. ఈసారి రెండూ కాగితం మీద ఉండాలి. ధర పెరిగినా ఒప్పుకున్నంత సరుకు ఆయనకే. డబ్బు మాత్రం వారం వారం, శనివారం దాటొద్దు.

కాయ పీకే లోపు పని ఒకటుంది. ప్రతి మండల కమిటీ తన పట్టణంలోని టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, రొట్టెల సెంటర్లు తిరిగి రోజుకు ఎన్ని కిలోల పల్లి, ఎంత కంది, ఎంత జొన్న వాడతారో, ఇప్పుడు ఎంతకు కొంటున్నారో రాసుకురావాలి. సభ్యత్వం మాట అప్పుడే ఎత్తొద్దు. ముందు అడిగి రండి. పొద్దున పదింటి తర్వాత పోతే గిరాకీ తగ్గి మాట్లాడతారు.