వంటింటికి చిమ్నీ కొనేముందు
(కోడుమూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి మాట్లాడవలసిన వేదిక మీద వంటింటి పొగ ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. మా ఆవిడ రెండేళ్లు దగ్గిన దగ్గు మాత్రం నవ్వులాట కాదు.

మన పాత మట్టిమిద్దెల్లో పొయ్యికి పైన గవాక్షి ఉండేది. పొగ దాని దారిన అది పోయేది. వానొస్తే మిద్దెక్కి బండ మూసేవాళ్లం. తర్వాత స్లాబు వేసుకున్నాం, గవాక్షిని మరిచాం. గ్యాసు వచ్చింది కదా, ఇంకా పొగెక్కడిది అనుకున్నాం. జొన్నరొట్టె కాల్చేటప్పుడు పిండి మాడే పొగ, ఎండుమిర్చి తిరగబాత ఘాటు, బజ్జీల నూనె ఆవిరి గ్యాసుతో పోయేవి కావు.

నాలుగేళ్ల క్రితం మావాడి బలవంతం మీద ఒక చిమ్నీ కొన్నాను. గోడకు రంధ్రం వద్దు, గొట్టం వద్దు అని అంగడాయన చెబితే సంతోషించాను. మూడు కొటేషన్లు లేనిదే ఆఫీసుకు బీరువా కొననివ్వని గుమాస్తాను, సొంతింటికి ఒక్క కొటేషన్‌తోనే డబ్బు కట్టాను. ఆ రకం జిడ్డును కొంత పట్టుకొని, గాలిని బొగ్గు ఫిల్టరు గుండా మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఆ ఫిల్టరును కొన్ని నెలలకొకసారి మార్చాలి. "మీ యంత్రం పొగను వడగట్టి నాకే ఇస్తోంది" అంది మా ఆవిడ.

కాబట్టి అంగడికి పోకముందే, పొగ ఏ గోడ గుండా బయటికి పోవాలో చూసుకోండి. గొట్టం పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి. పక్కింటి కిటికీ మీదికి వదిలితే తగువే.

రెండు బర్నర్ల స్టవ్వుకు 60 సెంటీమీటర్ల వెడల్పు, అంటే రెండడుగులు చాలు. స్టవ్వుకు సుమారు రెండున్నర అడుగుల ఎత్తున బిగించాలి. మన ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ కింద కూర్చొనే రొట్టెలు చేస్తారు. అట్టివారికి పైన వేలాడే చిమ్నీ దండగ.

ఇక పీల్చే శక్తి. 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు గల వంటిల్లు 800 ఘనపుటడుగులు, సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు 15 సార్లు గాలి మారాలన్నా 345 ఘనపు మీటర్లే. అంగట్లో 1,200 అంటారు. గొట్టం, వంపులు తగిలితే అంత పీల్చదు నిజమే, అయినా ఆ అంకె పెద్దదని అదనంగా డబ్బు పోయకండి. జాలీ ఫిల్టరు మన నూనె వంటలకు త్వరగా పూడిపోతుంది. స్టీలు రేకుల బాఫిల్ ఫిల్టరును వేడినీళ్లు, సబ్బుతో కడుక్కోవచ్చు. మరమ్మతు మనిషి మన ఊరికి వస్తాడో రాడో ముందే అడగండి.

చివరకు నేను ఆ చిమ్నీ తీసేసి, గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. చిమ్నీ ఖరీదులో అది చిన్న భాగం. ఎదుటి కిటికీ ఓరగా తెరిచి ఉంచాలి, గాలి లోపలికి రానిదే పొగ బయటికి పోదు. దగ్గు తగ్గింది. డాక్టరు మందులూ వాడుతోంది కనుక అంతా ఫ్యాను ఘనతే అనను.

ఒక్క జాగ్రత్త. గ్యాసు వాసన వస్తే ఫ్యాను గానీ చిమ్నీ గానీ వేయకండి. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది. స్విచ్చి నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

సెలవు.